గొంతులో వెలుగు

ఫిబ్రవరి 6

పిచ్చుకా,

మీ బావ నిన్న మీ ఊరి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూలబడ్డాడు. గుండీలూ దారమూ కొనడానికి వెళ్ళినవాడు, తిరుగు బస్సుకి ఇంకా టైముందని నిన్ను పలకరించడానికి మీ బస్‌స్టేషన్ మేడెక్కాడట. అద్దాల గదిలో మైకు ముందు ఎవరో లావుపాటి ఆవిడ కూర్చుని ఉంటే, "అమ్మా, ఇక్కడ మా మరదలు పనిచేస్తుంది, ఈ రోజు సెలవా?" అని అడిగాడట. నువ్వు నవ్వి, "బావా, నేనే" అన్నావట. గొంతు వింటేగాని గుర్తుపట్టలేకపోయానని అప్పటి నుంచి తల పట్టుకునే ఉన్నాడు.

నువ్వు లావైతే నాకేం బాధ లేదు. గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేదానివనే కదా నీకు పిచ్చుక అని పేరు పెట్టుకున్నాం. కానీ నీ చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలున్నాయట. మణికట్టు దగ్గర ఎవరో వేళ్ళు నొక్కినట్టు ఉందట. అదేమిటని అడిగితే మాట మార్చావట.

నేను అడుగుతున్నాను. మరిది నీ మీద చెయ్యి చేసుకుంటున్నాడా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని దాచుకుంటున్నావేమో. నా దగ్గర దాపరికమెందుకు? అమ్మ పోయాక నీకు జడలు వేసింది నేను కాదూ. ఫోనులో చెబుతాననకు. నా చెవులకి ఫోనులో మాట ఈదురుగాలిలా వినిపిస్తుంది తప్ప అర్థం కాదు. మీ బావని మధ్యలో పెట్టి ఇలాంటివి అడగనూలేను. కాగితం మీద ఉన్నదున్నట్టు రాయి.

ఈ రోజు బడి యూనిఫారాల్లో మగపిల్లల చొక్కాలకి ఆడపిల్లల వైపు కాజాలు కుట్టి, మళ్ళీ అన్నీ ఊడదీశాను. మనసు మనసులో లేదు.

నీ జవాబు కోసం వీధిలోకి చూస్తూ,
అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

ముందు ఆయన మీద అనుమానం తీసెయ్. ఆయన నా మీద చెయ్యెత్తే మనిషి కాదు. బస్సు దిగుతూ తూలిపోతే మణికట్టు పట్టుకుని ఆపారు. అంతే, అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. నా చర్మం ఉల్లిపొర అయిపోయింది. కుర్చీ కోడు తగిలినా కములుతుంది.

ఇది జబ్బు. పేరు ఇప్పుడు తెలిసింది గాని, లోపల చేరి మూడేళ్ళయి ఉంటుందంటున్నారు. మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. మెడ వెనక మూపురంలా లేచింది. కాళ్ళూ చేతులూ మాత్రం పుల్లల్లా ఉన్నాయి. మా బస్‌స్టేషన్ మెట్లెక్కడానికి కమ్మీ పట్టుకుని ఈడ్చుకుంటాను. నేను చాటుగా తింటున్నానని మా అత్తగారు డబ్బాల మూతల మీద గుర్తులు పెట్టేది. "గాలి పీలిస్తే కూడా ఒళ్ళొస్తుందా తల్లీ" అనేది. జబ్బు పేరు విన్నాక డబ్బాల జోలికి రావడం లేదు. నా జోలికీ రావడం లేదు.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందట. పిట్యూటరీ అంటారు. అది ఒంట్లో మిగతా గ్రంథులకి ఏం చెయ్యాలో చెబుతుంది. దాని నుంచి గాని, దాని వేషం వేసుకున్న ఇంకో గడ్డ నుంచి గాని ఒకే మాట ఆగకుండా వెళ్తోంది, ఒళ్ళేమో ఆ మాట విని తనని తాను తినేస్తోంది. ఎమ్మారైలో ఆ గ్రంథి శుభ్రంగా కనిపించింది. మరి దొంగ తల్లోనే దాక్కుందా, ఛాతీలోనో గొంతులోనో ఉందా తెలియాలి. తెలియకుండా తల తెరవలేమంటున్నారు. ఆలస్యమైతే ఎముకలు గుల్లబారతాయి, చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుందట.

అందుకని న్యూక్లియర్ మెడిసిన్ అనే విభాగంలో స్కాన్ చేస్తారు. చక్కెరలాంటి మందులో రవ్వంత రేడియేషన్ కలిపి నరంలోకి ఎక్కిస్తారు. ఒంట్లో ఏ చోటు ఎక్కువ పనిచేస్తుంటే ఆ చోటు ఆ చక్కెరని ఆబగా తాగి బొమ్మలో వెలుగుతుంది. మందు ఎక్కాక గంటసేపు గదిలో ఒంటరిగా పడుకోవాలి. చదవకూడదు, మాట్లాడకూడదు.

నాకు ఆ గంటంటేనే భయంగా ఉంది. ఊరికే పడుకుంటే ఎక్కడెక్కడి ఆలోచనలో వస్తాయి.

నీ పిచ్చుక
(ఇప్పుడు బాతు అను)


ఫిబ్రవరి 21

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి మరిది పేరు చెప్పుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మంచివాడిని తప్పుగా అనుకున్నాను. ఆయనకి ఈ సంగతి చెప్పకు, పాపం నొచ్చుకుంటారు.

బాతువో కొంగవో, నువ్వు బతికుంటే చాలు.

ఆ గంట గురించి నాకు వదిలెయ్యి. నేను చెప్పినట్టు చెయ్యి. మందు ఎక్కించినప్పటి నుంచీ దేవుడి పేరు పెదవి మీద నుంచి దిగనివ్వకు. అమ్మ ఎప్పుడూ అనేది కదా, మనసులో అనుకుంటే మనసు జారిపోతుంది, పెదవి కదిలితే మనసు దాన్ని పట్టుకుని నడుస్తుంది అని. పైకి వినపడక్కర్లేదు. పెదవులు కదిలిస్తూ గొంతులోనే అనుకో. ఒక్క క్షణం ఆపినా భయం వచ్చి కూర్చుంటుంది. నేనూ అదే సమయానికి మిషను ఆపేసి ఇక్కడ కూర్చుంటాను.

మీ బావ నీకోసం వదులు చేతుల జాకెట్లు కత్తిరించాడు. కమిలిన చోట ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వేసి నేను కుట్టాను. పార్శిల్లో వస్తాయి.

నీ వెంటే ఉన్న
అక్క


మార్చి 8

అక్కా,

జాకెట్లు అందాయి. మొన్న స్కాన్‌కి అందులో నీలం రంగుదే వేసుకెళ్ళాను.

ఆ విభాగం ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. కిటికీలు లేవు, తలుపులు బీరువా తలుపులంత బరువు. గర్భిణులు లోపలికి రాకూడదని గోడ మీద రాశారు. మందు ఎక్కించే అమ్మాయి దాన్ని సీసపు డబ్బాలో పెట్టి తెచ్చింది. ఎక్కించేసి, చిన్నగా నవ్వి, దూరం జరిగింది. అప్పటిదాకా నా చెయ్యి నిమిరిన పిల్ల, నాలోకి మందు వెళ్ళగానే తలుపు అవతలి నుంచి మాట్లాడింది. అది వాళ్ళ పద్ధతి, తప్పు పట్టకూడదు. అయినా ఏడుపొచ్చింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. గంటసేపూ ఒక్క క్షణం కూడా ఆపకుండా దేవుడి పేరు అనుకున్నాను. చివరికి నాలుక మొద్దుబారింది, గొంతు నొప్పెట్టింది. భయం మాత్రం రాలేదక్కా. తర్వాత ఆ అమ్మాయి వచ్చి, లోపల ఎవరితోనైనా మాట్లాడారా అని అడిగింది. లేదన్నాను. పడుకోబెట్టి గుండ్రటి యంత్రంలోకి తోసింది.

నిన్న డాక్టరు బొమ్మ చూపించాడు. తల్లో గ్రంథి దగ్గర ఏదో మసగ్గా ఉంది, ఉందనీ అనలేం, లేదనీ అనలేం అన్నాడు. గొంతు మాత్రం వెలుగుతోంది. నల్లటి బొమ్మలో దీపం పెట్టినట్టు. థైరాయిడ్ గ్రంథిలో పుట్టే ఒక రకం గడ్డ పిట్యూటరీ వేషం వెయ్యగలదట. అల్ట్రాసౌండ్ తీస్తే అక్కడ చిన్న గడ్డ ఉంది. చాలామందికి ఉండేదే గాని, ఇక్కడ వెలుగు కూడా ఉంది కాబట్టి వదలకూడదన్నాడు. సూది పెట్టి చూస్తారు.

మా ఆయన బయటికొచ్చాక, "పోనీలే, దొంగ దొరికాడు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. తల తెరవక్కర్లేదు కదా.

ఉంటాను,
పిచ్చుక


మార్చి 26

పిచ్చుకా,

ఈ రోజు మరిది ఫోను చేస్తే మీ బావ మాట్లాడి నాకు రాసి చూపించాడు. సూదిలో ఏమీ తేలలేదట, అయినా సూదికి అందకుండా ఉండొచ్చని గొంతు తెరవాలంటున్నారట. రక్తంలో పొటాషియం పడిపోతోంది, ఆగడానికి లేదన్నారట. నువ్వేమో రెండు రోజులుగా అన్నం మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకుంటున్నావని మరిది బెంగ పెట్టుకున్నారు.

నీ గొంతే నీ ఉద్యోగమని నాకు తెలియదా? భయపడుతున్నావు. కానీ అమ్మడూ, చదువుకున్న డాక్టర్లకి తెలియనిది మనకేం తెలుస్తుంది. ప్రతిదానికీ ఎందుకూ ఏమిటీ అని అడిగే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు అది వద్దు. వాళ్ళకి ఏమీ చెప్పకు, ఏమీ అడగకు. నోరు మూసుకుని తల వంచు. మిగతాది దేవుడు చూసుకుంటాడు. నా మాట విను.

అక్క


మార్చి 27

అక్కా,

ఒక మాట అడగాలి. నిన్ను తప్ప ఎవరినీ అడగలేను.

రక్తపరీక్షకని మొన్న మళ్ళీ ఆ కింది అంతస్తుకి వెళ్ళాను. స్కాన్ గది బయట ఆ అమ్మాయి ఒక పెద్దాయన్ని కోప్పడుతోంది. మందు ఎక్కించాక ఆయన గంటసేపూ ఫోనులో కబుర్లు చెప్పాడట. "మాట్లాడితే గొంతు కండరాలు పనిచేస్తాయి, మందంతా అవే తాగేస్తాయి తాతా. బొమ్మలో గొంతు వెలుగుతుంది, లేని జబ్బు ఉన్నట్టుంటుంది" అంది. ఆయన, "ఫోనులో మెల్లిగానే మాట్లాడానమ్మా" అన్నాడు. "గుసగుస అయినా అంతే" అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు.

నన్ను అడిగినప్పుడు మాట్లాడలేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. దేవుడితో అనుకున్నది మాట్లాడటం కింద వస్తుందని నాకు తోచనే లేదు.

ఇప్పుడు చెప్పనా? చెబితే, ప్రార్థన వల్ల స్కాన్ పాడైందని నా నోటితో నేనే అన్నట్టవుతుంది. అది పాపమేమో. మా ఆయన ఆఫీసులో సెలవు పెట్టి, ఆపరేషన్‌కి అన్నీ ఏర్పాటు చేశారు. పెద్ద డాక్టరు తారీఖు ఇవ్వడమే గొప్ప అంటున్నారు. నేను ఊహించుకుంటున్నానేమో కూడా. గడ్డ నిజంగా ఉంది కదా మరి.

ఏప్రిల్ 6న ఆపరేషన్. చెప్పమంటావా, వద్దంటావా? ఒక్క ముక్క రాయి. నువ్వేం రాస్తే అది చేస్తాను.

పిచ్చుక


ఏప్రిల్ 1

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇంత త్వరగా రాస్తావనుకోలేదు. ఏమీ చెప్పకు, తల వంచు అన్నావు. చదివాక మనసు కుదుటపడింది. నువ్వు అంతగా చెప్పావంటే ఆలోచించే చెప్పి ఉంటావు. ఎవరికీ చెప్పను.

నిన్న అన్నం తిన్నాను. సాయంత్రం డ్యూటీకి వెళ్ళి, రాత్రి చివరి బస్సు దాకా అన్ని ఊళ్ళ పేర్లూ నేనే చదివాను. మైకు కట్టేసేటప్పుడు డిపో మేనేజరు పైకి వచ్చి, "త్వరగా వచ్చెయ్యమ్మా, నువ్వు లేకపోతే జనం తప్పు బస్సులెక్కుతారు" అన్నాడు.

ఇక భయం లేదు.
నీ చెల్లెలు


ఏప్రిల్ 6

పిచ్చుకా, నీ 27 నాటి ఉత్తరం ఈ ఉదయం వచ్చింది. నీ 1వ తారీఖుది కూడా దానితోపాటే. రెండూ ఒకే కట్టలో ఇచ్చాడు పోస్ట్‌మాన్. తపాలా ఆఫీసు సెలవులట, ఏదో చెప్పాడు.

నేను రాసింది నీ ప్రశ్నకి జవాబు కాదు తల్లీ. నీ ప్రశ్న నాకు అందనే లేదు. గొంతు తెరుస్తారని నువ్వు భయపడుతున్నావనుకుని ధైర్యం చెప్పాను, అంతే. చెప్పు, వెంటనే చెప్పు. మీ బావని వెంటబెట్టుకుని ఫోనున్న కొట్టుకి పరిగెత్తి మరిదికి ఫోను చేయించాను. నేను పక్కనే నిలబడి, ఏమంటున్నాడో బావ మొహంలో చూస్తున్నాను. బావ ఫోను పెట్టేసి, కాగితం కూడా తీసుకోలేదు. తల అడ్డంగా ఊపాడు. పొద్దున్నే లోపలికి తీసుకెళ్ళారట.

ఈ ఉత్తరం ఎవరికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. అయినా రాయకుండా ఉండలేను.

అక్క


మే 3

అక్కా,

కలం పట్టుకునే ఓపిక ఇప్పుడు వచ్చింది. మధ్యలో గాయం మానక చీము పట్టింది. ఈ జబ్బులో గాయాలు మానవట. పక్క మీద నుంచి లేస్తుంటే వెన్నులో ఒక ఎముక పటుక్కుమంది. దానికి పట్టీ వేశారు.

థైరాయిడ్ గ్రంథి తీసేశారు. అందులో ఏమీ లేదు. ఆ గడ్డ ఊరికే ఉన్న గడ్డ. బతికినన్నాళ్ళూ పొద్దున్నే మాత్ర వేసుకోవాలి. గొంతులోని నరం ఒకటి దెబ్బతింది. మాట గాలిలా వస్తోంది, రంపం కోసినట్టు. బాగవ్వచ్చు, కాకపోవచ్చు అన్నారు. బస్‌స్టేషన్‌లో ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు.

నీ ఉత్తరం పైన మార్చి 26 అని తారీఖు వేసే ఉంది. నా ఉత్తరం కన్నా ముందు రోజుది. కళ్ళ ముందే ఉన్నా చూడలేదు. అక్క చెప్పింది అన్నంత వరకే చూశాను.

డాక్టరుకి నేనే చెప్పాను. ఆయన్ని బయట ఉండమని, ఒక్కదాన్నే వెళ్ళి చెప్పాను. వినపడక డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ గంటసేపూ పెదవులు కదిలించి ప్రార్థన చేశాను, మాట్లాడలేదని చెప్పాను, అన్నాను. బొమ్మ మళ్ళీ తీసి చూశాడు. "రెండు పక్కలా సమంగా వెలిగింది. అది చూసి మాకు అనుమానం రావాల్సింది. గడ్డ కనిపించేసరికి అటే వెళ్ళిపోయాం" అన్నాడు. ఇంతకుముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

గొంతు వెలగకపోయి ఉంటే మార్చిలోనే ఏం చేసేవారని అడిగాను. తలకి మాత్రమే వేరే మందుతో స్కాన్ తీసేవాళ్ళమన్నాడు. చక్కెరది కాదు, మాంసకృత్తుల్లో ఉండే ఒక పదార్థంతో చేసే మందు. పిట్యూటరీలో గడ్డ ఉంటే దాన్ని ఎక్కువ పీల్చుకుంటుందట. ఆ మందులో రేడియేషన్ చాలా త్వరగా చచ్చిపోతుంది, తయారైన చోటనే వాడాలి, అందుకే ఊరు దాటి పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

పోయిన వారం ఆ స్కాన్ అయింది. దాన్ని ఎమ్మారై మీద పరిచి చూస్తే, గ్రంథిలో ఎడమ పక్కన మెంతి గింజంత చోట వెలుగు ఉంది. అదే. మొదటి నుంచీ అక్కడే ఉంది.

వచ్చే నెల ముక్కులోంచి వెళ్ళి తీస్తారు. ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి, అప్పటిదాకా ఒళ్ళు ఆగాలి.

చెల్లెలు


మే 11

నా తల్లీ,

నేను వస్తున్నాను. యూనిఫారాల పని మీ బావ చూసుకుంటాడు. నీ గొంతుని నేనే కోశాను, ఆ తప్పు ఇంకెవరి మీదా వెయ్యను. ఆ డాక్టరుతో నేను మాట్లాడతాను. తప్పు నీది కాదని, నా మాట వల్ల జరిగిందని చెబుతాను. అందరికీ తెలియాలి. అప్పటిదాకా నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. ఆపరేషన్ కాగితాల మీద నేను వచ్చాకే సంతకం పెట్టు. ముక్కులోంచి అంటే నాకు నమ్మకం కుదరడం లేదు, ఇంకొకరికి చూపిద్దాం. రోజూ

ఇక్కడ ఆపి, రాసింది మళ్ళీ చదివాను. చింపేద్దామనుకున్నాను. చింపకుండానే పంపిస్తున్నాను. నేనెలాంటిదాన్నో నువ్వు చూడు.

అక్క


మే 19

అక్కా,

రా. నువ్వు వస్తే జుట్టు దువ్వించుకుంటాను. చేతులు తల దాకా లేవడం లేదు. మా అత్తగారు దువ్వుతానంది. నిజంగానే ప్రేమగా అంది. కానీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తుంటే ఆవిడకి భయమేస్తోంది.

దేవుడి పేరు తప్పు చెయ్యలేదు. నువ్వు నేర్పకపోయినా నేను అనుకునేదాన్నే. ఆ గంటలో భయపడకుండా ఉన్నానంటే అందువల్లే. అడిగినప్పుడు అన్నీ చెప్పకపోవడం నా వల్ల జరిగింది. తెలిశాక కూడా చెప్పడానికి నీ అనుమతి కోసం కూర్చోవడం నా వల్ల జరిగింది. నువ్వు దాన్ని కూడా నీ నెత్తినే వేసుకుంటే ఇక నాకు మిగిలేదేమిటి?

కాగితాల మీద నిన్న సంతకం పెట్టేశాను. పెట్టే ముందు, ఆ మెంతి గింజ దొరక్కపోతే ఏం చేస్తారని డాక్టరుని అడిగాను. గ్రంథి సగం తీస్తాం, అప్పటికీ తగ్గకపోతే మూత్రపిండాల మీదున్న గ్రంథులు రెండూ తీసి, జన్మంతా మందుల మీద ఉంచుతాం అన్నాడు. చనిపోయే అవకాశం ఎంతని అడిగాను. ఈ ఒంటితో, తక్కువేం కాదన్నాడు. పక్కనున్న మా ఆయన నా చెయ్యి పట్టుకోబోయి, కములుతుందని గుర్తొచ్చి, కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. నా మాట ఒక్కొక్కటీ మూడుసార్లు చెబితేగాని డాక్టరుకి అందలేదు. మూడుసార్లూ చెప్పాను.

నువ్వు వచ్చి నా పక్కన కూర్చో. ఏం చెయ్యాలో మాత్రం నాకు చెప్పకు. ఎలా ఉందని అడుగు. నీకు చెవులు వినపడవు, నాకు గొంతు రాదు, దగ్గరగా కూర్చోవాల్సి వస్తుంది.

డాక్టరుతో మాత్రం నేనే మాట్లాడతాను.

చెల్లెలు